తట్టు టీకా: రోజూ వేసే మనిషి రాసిన రివ్యూ

నేను టీకాలు వేసే నర్సుని. నా చేతుల మీదుగా వెళ్లే టీకాల్లో నాకు అన్నిటికంటే నమ్మకమైనదీ, తల్లిదండ్రులు అన్నిటికంటే అనుమానంగా చూసేదీ ఒకటే: తట్టు టీకా. కొన్ని దేశాల్లో తట్టు, రుబెల్లా రెండింటికీ కలిపి వస్తుంది. కొన్నిచోట్ల గవదబిళ్లలు కూడా చేర్చి ఎంఎంఆర్ పేరుతో ఇస్తారు. ఏ పేరుతో వచ్చినా అందులో తట్టు భాగం చేసే పని ఒకటే, నేను రాసేది దాని గురించే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వస్తువుగా దీనికి ఐదుకి ఐదు మార్కులు. దాన్ని పిల్లల దాకా చేర్చే సేవకి మాత్రం చాలాచోట్ల మూడు దాటి వేయలేను. తగ్గిన ఆ రెండు మార్కుల దగ్గరే పిల్లలు జబ్బు పడుతున్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు వయల్ సంగతి. ముదురు గోధుమ రంగు చిన్న గాజు సీసా. అడుగున గట్టిపడిన కాస్త పొడి ఉంటుంది. అది బతికున్న తట్టు వైరసే, జబ్బు తెప్పించే బలం మాత్రం తీసేశారు. వెలుతురు పడినా వేడి తగిలినా అది చచ్చిపోతుంది. అందుకే రంగు సీసా, అందుకే 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం. వేయబోయే ముందు దానితో పాటు వచ్చిన నీళ్లు కలపాలి. ఆ నీళ్లు అదే కంపెనీవి, ఆ టీకా కోసమే పంపినవి అయి ఉండాలి. వాటిని కూడా ముందే చల్లబరిచి ఉంచాలి. కలిపిన ఆరు గంటల తర్వాత ఎంత మిగిలినా పారేయాలి. ఎందుకంటే ఇందులో క్రిములు పెరగకుండా ఆపే మందు ఉండదు. ఆ మందు కలిపితే టీకాలోని వైరస్ కూడా చస్తుంది. కాబట్టి నిన్న కలిపిన వయల్‌ని ఇవాళ వాడితే ప్రాణాల మీదకి వస్తుంది.

ఇవన్నీ మేం చూసుకోవలసినవే. అయినా తల్లిదండ్రులకి తెలిసి ఉండాలని నా కోరిక. "ఈ వయల్ ఎప్పుడు కలిపారు సిస్టర్?" అని అడగడానికి మొహమాటపడకండి. పని తెలిసిన నర్సు ఆ ప్రశ్నకి కోప్పడదు, వయల్ మీద రాసిన టైం చూపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాలతో సరఫరా అయ్యే వయళ్ల మీద ఇంకో గుర్తు కూడా ఉంటుంది: చిన్న గుండ్రం, దాని లోపల చదరం. చదరం లేత రంగులో ఉంటే వయల్ బాగున్నట్టు. వేడి తగిలేకొద్దీ చదరం నల్లబడుతుంది. గుండ్రంతో సమానంగా నల్లబడిందంటే ఆ వయల్ పక్కన పెట్టేయాలి. చదువుతో పని లేకుండా ఎవరైనా చూసి చెప్పగలిగేంత మంచి ఏర్పాటు అది.

ఈ టీకా ఒక్కరోజులో ఇంత నాణ్యంగా తయారైంది కాదు. 1954లో జాన్ ఎండర్స్ అనే అమెరికా శాస్త్రవేత్త ప్రయోగశాలలో తట్టు వైరస్‌ని మొదటిసారి మనిషి నుంచి తీసి పెంచగలిగారు. 1963లో అమెరికాలో మొదటి టీకాకి అనుమతి వచ్చింది. అది పనిచేసింది కానీ చాలామంది పిల్లలకి జ్వరం, దద్దుర్లు తెప్పించేది. వాటిని తగ్గించడానికి రెండో చేతికి ఇంకో ఇంజెక్షన్ వేయాల్సి వచ్చేది. మారిస్ హిల్మన్ అనే మరో అమెరికా శాస్త్రవేత్త ఆ వైరస్‌ని కోడిపిండం కణాల్లో మళ్లీ మళ్లీ పెంచి మరింత మెత్తబరిచాడు. అలా వచ్చిన 1968 నాటి టీకా వంశమే ఇప్పటికీ చాలా దేశాల్లో నడుస్తోంది. యాభై ఏళ్లు దాటి, కోట్ల మంది పిల్లల మీద పరీక్షకి నిలిచిన మందు మన బీరువాల్లో ఇంకెన్ని ఉంటాయి?

పనితనం మాటకొస్తే, ఏడాది దాటిన పిల్లలకి ఒక డోసు వేస్తే నూటికి 93 మందికి, రెండు డోసులు వేస్తే 97 మందికి రక్షణ వస్తుంది. తొమ్మిది నెలలకే వేస్తే మొదటి డోసు పట్టేది సుమారు 85 మందికి. కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు, అంటే జబ్బుని ఎదిరించే పదార్థాలు, బిడ్డ ఒంట్లో ఇంకా కొన్ని మిగిలి ఉంటాయి, అవి టీకా వైరస్‌ని కూడా అడ్డుకుంటాయి. మరి అంత తొందరగా ఎందుకు వేస్తారంటే, తట్టు బాగా తిరిగే చోట ఏడాది దాకా ఆగితే ఈలోపే జబ్బు వచ్చేస్తుంది. ఇక రెండో డోసు. మొదటి దాని బలం పెంచడానికి వేస్తారని చాలామంది అనుకుని, "ఒకటి వేయించాం కదా, చాల్లే" అని ఊరుకుంటారు. అసలు సంగతి వేరు. మొదటి డోసు అస్సలు పట్టని పిల్లలు కొందరు ఉంటారు, వాళ్లకి ఇది మరో అవకాశం. ఎవరికి పట్టిందో ఎవరికి పట్టలేదో పైకి కనిపించదు కాబట్టి అందరికీ వేస్తాం. ఒక్క డోసు దగ్గర ఆగిపోయిన పిల్లవాడు ఆ పట్టని వాళ్లలో ఉన్నాడో లేడో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

రక్షణ ఎంతకాలం ఉంటుందన్నదానికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ టీకా పుట్టకముందుది. 1846లో ఫారో దీవులకి తట్టు వచ్చింది. అక్కడ దాదాపు 7,800 మంది ఉంటే 6,000 మందికి పైగా పడకేశారు. పీటర్ పానుమ్ అనే కుర్ర డేనిష్ డాక్టరు ఊరూరూ తిరిగి రాసుకున్నాడు. ఆ దీవుల్లో అంతకుముందు తట్టు వచ్చింది 1781లో. అప్పుడు చిన్నపిల్లలుగా ఉండి జబ్బు పడి లేచిన ముసలివాళ్లు 65 ఏళ్ల తర్వాత ఇంటి నిండా రోగులున్నా ఒక్కరు కూడా మళ్లీ జబ్బు పడలేదని గమనించాడు. ఒంటికి అంత జ్ఞాపకం ఉంటుంది. టీకా చేసేది ఆ జ్ఞాపకాన్ని జబ్బు లేకుండా ఇవ్వడమే. రెండు డోసులూ పడ్డ చాలామందిలో ఆ రక్షణ జీవితాంతం నిలుస్తుంది.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. దాచకుండా చెబుతాను, ఎందుకంటే దాచిన చోటే అనుమానం పుడుతుంది. టీకా వేసిన రోజు పెద్దగా ఏమీ ఉండదు, సూది గుచ్చిన చోట కాస్త నొప్పి. జ్వరం వస్తే వారం తర్వాత, ఏడో రోజు నుంచి పన్నెండో రోజు లోపు వస్తుంది. నూటికి ఐదు నుంచి పదిహేను మందికి గట్టి జ్వరమే రావచ్చు. కొందరికి పల్చగా దద్దుర్లు కనిపిస్తాయి. మూడు నాలుగు వేల డోసులకి ఒకసారి ఆ జ్వరంతో ఫిట్స్ రావచ్చు. చూసే తల్లికి ప్రాణం పోయినంత పనవుతుంది కానీ, అది వచ్చి పోయేదే, దానివల్ల పిల్లల ఎదుగుదల దెబ్బతినదు. 30 నుంచి 40 వేల డోసులకి ఒకరికి రక్తంలో ప్లేట్‌లెట్లు కొన్నాళ్లు తగ్గుతాయి. తీవ్రమైన అలర్జీ పది లక్షల డోసులకి ఒకటి స్థాయిలో ఉంటుంది. వేశాక కాసేపు అక్కడే కూర్చోమనేది అందుకే. వారం తర్వాత వచ్చే ఈ జ్వరం సంగతి ముందే చెప్పకపోతే జరిగేది ఇది: అది ఎందుకు వచ్చిందో తెలియక తల్లి కంగారు పడుతుంది, ఆస్పత్రుల చుట్టూ తిరుగుతుంది, రెండో డోసుకి రాదు. చెబితే, "మీరన్నట్టే ఎనిమిదో రోజు వచ్చింది సిస్టర్" అని ఆమే నవ్వుతూ చెబుతుంది.

ఇప్పటిదాకా రాసింది ఏ వస్తువుకైనా రాసే రివ్యూ లాంటిదే. ఇక్కడి నుంచి ఈ టీకా వేరే రకం. మీరు కొన్న ఫోన్ బాగా పనిచేయాలంటే పక్కింటివాళ్లు కూడా అదే ఫోన్ కొనాల్సిన పని లేదు. తట్టు టీకా పూర్తి ఫలితం మాత్రం చుట్టుపక్కల ఎంతమంది వేయించుకున్నారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

తట్టు అంత తొందరగా అంటుకునే జబ్బులు చాలా తక్కువ. రోగి దగ్గి వెళ్లిపోయిన గదిలో వైరస్ రెండు గంటల దాకా గాలిలో ఉంటుంది. రక్షణ లేనివాళ్లు దగ్గరగా మసిలితే పదిమందిలో తొమ్మిది మందికి వస్తుంది. దద్దుర్లు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటిస్తారు, అంటే ఇంట్లోవాళ్లు ఇంకా జలుబే అనుకుంటున్న రోజుల్లోనే. ఎవరికీ రక్షణ లేని చోట ఒక రోగి నుంచి సగటున 12 నుంచి 18 మందికి పాకుతుందని లెక్క. 15 అనుకుందాం. ఆ పదిహేను మందిలో పద్నాలుగు మందికి రక్షణ ఉంటే వైరస్‌కి దొరికేది ఒక్కరే, ఇక జబ్బు పెరిగిపోదు. పదిహేనుకి పద్నాలుగు అంటే నూటికి 93 పైచిలుకు. ఇప్పుడు ఇందాకటి లెక్క దీని పక్కన పెట్టి చూడండి. ఒక్క డోసు ఊరంతటికీ నూటికి నూరు మందికీ వేసినా రక్షణ వచ్చేది 93 మందికే. అందుకే రెండు డోసులు. అందుకే ప్రతి డోసూ నూటికి 95 మందికి చేరాలన్న లక్ష్యం. ఆ 95 గొప్ప కోసం పెట్టుకున్న అంకె అనుకుంటారు కొందరు. ఈ జబ్బు పాకే వేగానికి అంతకంటే తగ్గడానికి వీల్లేదు.

ఇంకో మెలిక ఉంది. సగటు మోసం చేస్తుంది. ఒక దేశంలో 95 మందికి పడిందని కాగితం మీద ఉండొచ్చు. వేయించుకోని ఆ ఐదుగురు దేశమంతా చెల్లాచెదురుగా ఉంటే పెద్ద ప్రమాదం లేదు. కానీ మనుషులు అలా ఉండరు. ఒకే రకం భయాలున్న కుటుంబాలు ఒకే వీధిలో, ఒకే బడి చుట్టూ ఉంటాయి. ఆ బడిలో సగం మందికే టీకా పడి ఉంటుంది. వైరస్ దేశం సగటు చూడదు, ఆ గదిలోకి వస్తుంది. అమెరికా 2000లో తట్టుని నిర్మూలించినట్టు, అంటే దేశం లోపల అది నిరంతరంగా పాకడం ఆగినట్టు, ప్రకటించింది. 2019లో అక్కడ 1,274 కేసులు వచ్చాయి, వాటిలో చాలావరకు ఇలా టీకా తక్కువగా పడిన గుంపుల్లోనే. కెనడా 1998లో సాధించిన నిర్మూలన హోదాని 2025 నవంబరులో పోగొట్టుకుంది.

ఆ గుంపుల్లో, ఆ బడుల్లో ఎవరున్నారో నాకు తెలుసు. రక్త క్యాన్సర్‌కి చికిత్స జరుగుతున్న ఒక పిల్ల వాళ్లమ్మ ఒకసారి నా దగ్గరికొచ్చింది. బిడ్డకి టీకా కోసం కాదు. ఆ పిల్లకి బతికున్న వైరస్ ఉన్న ఈ టీకా వేయకూడదు. "మందులు వాడుతుంటే బడికి పంపొచ్చన్నారు సిస్టర్. ఆ క్లాసులో పిల్లలందరికీ టీకాలు పడ్డాయో లేదో ఎలా తెలుసుకోవాలి?" అని అడిగింది. ఆమె చేతిలో ఏమీ లేదు. తన బిడ్డ క్షేమం తనకి పేరు కూడా తెలియని తల్లుల నిర్ణయంలో ఉంది. గర్భిణులు, తొమ్మిది నెలలు నిండని పసికందులు, మొదటి డోసు పట్టని పిల్లలు, అందరిదీ ఇదే పరిస్థితి. పసికందుల సంగతి ఇంకా కష్టం. టీకా వల్ల రక్షణ పొందిన తల్లుల నుంచి బిడ్డకి చేరే యాంటీబాడీలు, జబ్బు పడి లేచిన పాతతరం తల్లుల కంటే తక్కువ, తొందరగా తగ్గిపోతాయి. ఆ ఖాళీ నెలల్లో బిడ్డని కాపాడేది చుట్టూ ఉన్న పెద్దవాళ్లు, పెద్ద పిల్లలే. సామూహిక రోగనిరోధక శక్తి అని పుస్తకాల్లో చదివినప్పుడు నాకు ఒక గ్రాఫ్ కనిపించేది. ఇప్పుడు ఆ తల్లి ముఖం కనిపిస్తుంది.

ఈ టీకా మీద నమ్మకం పోతే ఏమవుతుందో చూడాలంటే సమోవా చూడాలి. పసిఫిక్‌లో రెండు లక్షల జనాభా ఉన్న దేశం. 2018 జూలైలో అక్కడ ఇద్దరు పసిబిడ్డలు ఎంఎంఆర్ వేసిన నిమిషాల్లో చనిపోయారు. తర్వాత తేలిందేమిటంటే, పొడిలో కలపాల్సిన నీళ్లకి బదులు కండరాలని సడలించే మత్తుమందు, అదీ గడువు తీరింది, కలిపి వేశారు. తప్పు టీకాది కాదు, కలిపిన చేతులది. ఇద్దరు నర్సులకి ఐదేళ్ల జైలు పడింది. కానీ ఆ సంగతి తేలేలోపే భయం ప్రతి ఇంటికీ చేరింది. ప్రభుత్వం ఆ టీకాని నెలల తరబడి ఆపేసింది. టీకాకి వ్యతిరేకంగా ప్రచారం చేసేవాళ్లకి అంతకంటే ఏం కావాలి? మొదటి డోసు పడిన పిల్లలు నూటికి 31 మందికి పడిపోయారు. 2019 చివర్లో తట్టు వచ్చింది. 5,700 మందికి పైగా జబ్బు పడ్డారు, 83 మంది చనిపోయారు, ఎక్కువమంది ఐదేళ్ల లోపు పిల్లలు. బడులు మూసేశారు. డిసెంబరులో రెండు రోజులు ప్రభుత్వ కార్యాలయాలన్నీ ఆపేసి, టీకా పడనివాళ్లున్న ఇళ్ల ముందు ఎర్ర జెండా కట్టమని చెప్పి, బృందాలు ఇంటింటికీ తిరిగాయి. అదే ఏడాది పక్కనున్న టోంగాకీ ఫిజీకీ కూడా తట్టు చేరింది. అక్కడ దాదాపు పిల్లలందరికీ టీకా పడి ఉంది. రెండు చోట్లా ఒక్క మరణం కూడా నమోదు కాలేదు.

నేను నీళ్లు కలిపే ప్రతిసారీ లేబుల్ పైకి చదువుతాను. పక్కన కూర్చున్న తల్లికి వినపడేలా చదువుతాను. ఆ ఇద్దరు బిడ్డల గురించి చదివినప్పటి నుంచి వచ్చిన అలవాటు అది. టీకాలు వేసే గదుల్లో మత్తుమందులు, ఇన్సులిన్, ఇంకే ఇతర మందూ టీకాల ఫ్రిజ్‌లో ఉండకూడదన్న నియమం ఉంది. అది పాటించని చోట టీకా వేయించుకోవద్దని నా బంధువులకి కూడా చెబుతాను.

ఇక తల్లిదండ్రుల అనుమానాలు. అందరికంటే ఎక్కువగా వినేది ఆటిజం గురించి. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ డాక్టరు 12 మంది పిల్లల గురించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక వ్యాసం రాశాడు, ఎంఎంఆర్‌కీ ఆటిజానికీ సంబంధం ఉందేమోనన్న అనుమానం అక్కడ మొదలైంది. 2010లో ఆ పత్రిక వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది, అదే ఏడాది అతని పేరుని వైద్యుల జాబితా నుంచి కొట్టేశారు. 2019లో డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం వచ్చింది. టీకా వేసినవాళ్లలో, వేయనివాళ్లలో ఆటిజం తేడా లేదు. ఇంత జరిగినా ఆ భయం ఎందుకు పోలేదంటే, మాటలు తగ్గిపోవడం, కళ్లలోకి చూడకపోవడం లాంటి లక్షణాలు ఇంట్లోవాళ్లు గుర్తుపట్టేది సరిగ్గా ఈ టీకా వేసే వయసులోనే. ముందు టీకా, తర్వాత లక్షణం. తల్లి మనసు రెండింటినీ కలుపుకుంటే నేను ఆమెని తప్పుపట్టను. ఆ లెక్కలు ఆమె పక్కన కూర్చుని ఓపిగ్గా చెబుతాను.

రెండోది, "జబ్బు వచ్చి తగ్గితే మంచిదేగా, సహజంగా శక్తి వస్తుంది" అన్న మాట. తట్టు వార్డులో పనిచేసినవాళ్లు ఎవరూ ఆ మాట అనరు. కళ్లు ఎర్రబడి వెలుతురు చూడలేక గోడవైపు తిరిగి పడుకునే పిల్లలు, ఊపిరి అందనివ్వని దగ్గు, పాలు తాగనివ్వని నోటి పుండ్లు. ఇరవై మందిలో ఒకరికి న్యుమోనియా, వెయ్యిమందిలో ఒకరికి మెదడు వాపు. అరుదుగా కొందరికి ఏళ్ల తర్వాత మెదడుని తినేసే జబ్బు మొదలవుతుంది, దానికి వైద్యం లేదు. పైగా తట్టు వైరస్ ఒంటికున్న పాత జ్ఞాపకాలని కూడా చెరిపేస్తుంది. నెదర్లాండ్స్‌లో టీకా వేయించుకోని 77 మంది పిల్లల రక్తాన్ని జబ్బుకి ముందూ తర్వాతా పరీక్షించి 2019లో ప్రచురించారు. ఇతర జబ్బుల మీద వాళ్లకి అంతకుముందున్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా పోయాయి. అంటే తట్టు తగ్గాక కూడా ఆ పిల్లలు కొన్నాళ్లు ప్రతి జబ్బుకీ సులువుగా దొరుకుతారు. టీకాతో అలా జరగదు.

1963కి ముందు ప్రపంచంలో ఏటా సుమారు 26 లక్షల మంది తట్టుతో చనిపోయేవారని అంచనా. 2023లో ఆ అంచనా 1,07,500. ఇంత తేడా తెచ్చిన టీకా మీద ఇంకా అనుమానమేమిటని నా తోటివాళ్లు విసుక్కుంటారు. నేను విసుక్కోలేను. జబ్బుని ఎప్పుడూ చూడని తల్లికి కనిపించేది సూది ఒక్కటే. ఆమె ముందున్న భయం కళ్లకి కట్టినట్టుంది, తప్పిన ప్రమాదం మాత్రం కనిపించదు.

ఇప్పుడు నేను తగ్గించిన రెండు మార్కుల గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో టీకా పట్ల వెనుకాడటాన్ని ప్రపంచ ఆరోగ్యానికి పది పెద్ద ముప్పుల్లో ఒకటిగా చేర్చింది. వెనుకాడటానికి కారణాలు మూడని నిపుణులు చెబుతారు: నమ్మకం లేకపోవడం, మనకెందుకు వస్తుందిలే అన్న ధీమా, టీకా అందుబాటులో లేకపోవడం. పేపర్లలో మొదటి రెండింటి గురించే రాస్తారు. నా బల్ల దగ్గర నేను చూసేది మూడోది. 2023లో ప్రపంచంలో మొదటి డోసు నూటికి 83 మంది పిల్లలకి పడితే, రెండోది 74 మందికే పడింది. మొదటి డోసు వేయించిన ఇల్లు టీకాని వ్యతిరేకించే ఇల్లు కాదు కదా. మరి రెండోదానికి ఎందుకు రాలేదు?

ఒక తల్లి సంగతి చెబుతాను. రోజు పని మానుకుని, బిడ్డని ఎత్తుకుని ఒక కేంద్రానికి వెళ్లింది. అక్కడున్నది పదిమందికి సరిపడే వయల్. తెరిస్తే ఆరు గంటల్లో వాడేయాలి. వచ్చింది ఇద్దరే పిల్లలు. "ఇంకా పిల్లలు వస్తేగానీ తెరవం, వచ్చే వారం రండి" అన్నారు. వచ్చే వారం ఆమెకి కుదరలేదు, ఆ పై వారం బిడ్డకి జలుబు, తర్వాత మర్చిపోయింది. నా దగ్గరికి వచ్చేసరికి బిడ్డకి చెవుల వెనక నుంచి దద్దుర్లు మొదలై ఒళ్లంతా పాకాయి. ఒక్క బిడ్డ వచ్చినా వయల్ తెరవాలన్నదే ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మిగిలిన డోసులు పారబోయడం వృథాగా కనిపిస్తుంది, లెక్కల పుస్తకంలో ఎర్రగా పడుతుంది, పైవాళ్లు అడుగుతారు. వెనక్కి పంపిన బిడ్డ ఏ పుస్తకంలోనూ పడదు. ఈ పద్ధతి మారాలి. ఐదు డోసుల వయళ్లు వాడే చోట నర్సులు తెరవడానికి ఇంత జంకరు, అవి ఇంకా ఎక్కువ చోట్లకి రావాలి.

జలుబు అన్నాను కదా, అది కూడా చెప్పాలి. మామూలు జలుబు, కొద్దిపాటి విరేచనాలు, గుడ్డు పడకపోవడం, ఇవేవీ ఈ టీకా ఆపడానికి కారణాలు కావు. అయినా వీటికే వెనక్కి పంపేవాళ్లున్నారు.

మాట తీరు గురించి నాకు అన్నిటికంటే బాధ. ఆలస్యంగా వచ్చిన తల్లిని అందరి ముందూ "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావమ్మా" అని గద్దిస్తారు. ఆమె ఆ రోజు టీకా వేయించుకుంటుంది, మళ్లీ రాదు. ప్రశ్న అడిగిన తండ్రిని చదువుకున్న మూర్ఖుడిలా చూస్తారు. ఒకాయన ఫోన్‌లో పెద్ద జాబితా రాసుకొచ్చాడు. నేను కుర్చీ చూపించి, "వీటిలో మీకు రాత్రి నిద్ర పట్టనివ్వనిది ఏది సార్?" అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, వాళ్లన్నయ్య కొడుక్కి టీకా తర్వాత ఫిట్స్ వచ్చాయన్నాడు. అదొక్కటే అసలు భయం, మిగతావన్నీ దాని చుట్టూ చేరినవి. ఆ పిల్లాడు ఇప్పుడెలా ఉన్నాడని అడిగితే బాగున్నాడన్నాడు. జ్వరం ఏ రోజుల్లో వస్తుందో, రాగానే ఏం చేయాలో, ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి ఎలా పడుకోబెట్టాలో కాగితం మీద రాసిచ్చాను. ఆ రోజు వేయించకుండానే వెళ్లాడు. నేను పట్టుపట్టలేదు. తర్వాతి సెషన్‌కి బిడ్డతో, భార్యతో వచ్చాడు. అందరూ అలా తిరిగి వస్తారని చెప్పను. కానీ గద్దించి పంపినవాళ్లు తిరిగి రావడం నేను చూడలేదు.

ఈ సేవని ఎంచుకునేటప్పుడు మీరు చూడాల్సినవి కొన్ని. మీ ముందే వయల్ చూపించి వేస్తున్నారా, కలిపిన టైం రాస్తున్నారా, ప్రతి బిడ్డకీ కొత్త సిరంజి విప్పుతున్నారా, వేశాక కూర్చోబెడుతున్నారా, రెండో డోసు తేదీ కార్డు మీద రాసి నోటితో కూడా చెబుతున్నారా. ఇవి జరిగే చోట మీకు కోపం తెప్పించే క్యూ ఉన్నా సరే, అక్కడికే వెళ్లండి.

వేయకూడనివాళ్లు: గర్భిణులు, రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్నవాళ్లు, ఈ టీకాకో అందులోని జెలటిన్, నియోమైసిన్ లాంటివాటికో ఇంతకుముందు తీవ్రమైన అలర్జీ వచ్చినవాళ్లు. వీళ్లు డాక్టరుతో మాట్లాడాలి. గర్భం కోసం చూస్తున్నవాళ్లు ముందే వేయించుకుని కనీసం నెల ఆగడం మంచిది.

కార్డు పోయి, పడిందో లేదో గుర్తులేని పెద్దవాళ్లు చాలామంది అడుగుతుంటారు. ఇంకో డోసు వేయించుకోండి. ఇంతకుముందు పడి ఉన్నా అదనపు డోసు వల్ల హాని లేదు. టీకా పడనివాళ్లు తట్టు రోగితో మసిలితే 72 గంటల్లోపు వేయించుకుంటే జబ్బు రాకుండా ఆగే అవకాశం ఉంది, కాబట్టి మర్నాడు చూద్దామనుకోకండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు, ఎర్ర కళ్లు ఉండి ముఖం మీద నుంచి దద్దుర్లు దిగుతుంటే నేరుగా వెయిటింగ్ హాల్లోకి రాకండి. అక్కడ పసిబిడ్డలు ఉంటారు. ముందు ఫోన్ చేయండి, మేమే బయటికి వచ్చి వేరే గదిలోకి తీసుకెళ్తాం.